ఉత్సవానికి ముందే వినవలసిన గొంతు

ఉత్సవమనగానే తెలుగువారికి ముందుగా జ్ఞాపకం వచ్చేది తిరునాళ్ళు. తిరునాళ్ళలో పెద్ద రథం ఒకటి ఉంటుంది. దాని చుట్టూ డప్పులు, బాణసంచా, రంగులరాట్నాలు, మిఠాయి దుకాణాలు ఉంటాయి. ఆ సందడిలోనే, ఎక్కడో ఒక చెట్టు క్రింద, ఒక ముసలి జంగం తంబుర మీటుకొంటూ ఏదో తత్త్వం పాడుకొంటూ ఉంటాడు. రథం చూడవచ్చిన జనం ఆ చెట్టు ప్రక్కగానే సాగిపోతారు. నలుగురైదుగురు మాత్రం నిలిచిపోతారు. ఆ నిలిచినవారెవరు? అంతకు ముందే, ఏ వేకువజామునో, తమ వీధిలో ఆ గొంతు విని ఉన్నవారు. మిగిలినవారికి చెవులు లేవని కాదు. ఆ చెవులు ఆ గొంతుకు అప్పటికి అలవాటుపడి ఉండలేదు.

ఈ చిన్న సంగతి నేటి సంగీతోత్సవాలకు కూడ చక్కగా వర్తిస్తుంది. మ్యూజిక్ ఫెస్టివల్ అని యువకులు ముచ్చటగా చెప్పుకొనే ఈ ఉత్సవాలు పాశ్చాత్యదేశాలలో పుట్టి పెరిగినవి. 1991లో పెరీ ఫారెల్ అనే గాయకుడు అమెరికాలో ప్రారంభించిన లొల్లాపలూజా అటువంటిది. మొదట ఊరూరా తిరిగిన ఆ ఉత్సవం 2005 నుంచి షికాగో నగరంలో స్థిరపడినది. తరువాత ఇతర దేశాలకు ప్రాకినది. 2023 జనవరి 28, 29 తేదీలలో అది మొదటిసారిగా భారతదేశానికి వచ్చి, ముంబయి మహాలక్ష్మి గుర్రపుపందెముల మైదానంలో జరిగినది. ఒకే మైదానంలో అనేక వేదికలు. ఉదయం నుంచి రాత్రి దాకా ఒకరి తరువాత ఒకరు గాయకులు. కొన్ని సమయాలలో ఇద్దరు ముగ్గురు ఏకకాలంలో వేరువేరు వేదికలపైన. శ్రోత ఒకరిని వినాలంటే మరొకరిని వదలుకోవలసినదే.

ఇటువంటి ఉత్సవాల ప్రకటనపత్రం చూడదగిన వస్తువు. పై వరుసలో రెండు మూడు పేర్లు అరచేయి వెడల్పు అక్షరాలలో ఉంటాయి. క్రిందికి వచ్చేకొద్దీ అక్షరాలు సన్నగిలుతాయి. అట్టడుగున ఉన్న పేర్లు చదవాలంటే కాగితం కంటికి దగ్గరగా పెట్టుకోవలసి వస్తుంది. టిక్కెట్టు కొన్నవారిలో చాలమంది పై వరుసకే డబ్బు చెల్లించామనుకొంటారు. ఆ పై పేర్లను వినడానికి ముందస్తు ప్రయత్నమేదీ అక్కరలేదు. వాటి పాటలు బస్సులలోను, పెళ్ళి పందిళ్ళలోను ఎలాగూ వినపడుతూనే ఉంటాయి. మధ్యవరుసలలోను, క్రింది వరుసలలోను ఉన్నవారి సంగతి వేరు. వారిని వెదకి వినాలి. అలా వెదికేవారికి దొరికే నిధులలో మిక్కిలి సుకుమారమైనది మెత్తని గొంతుతో తన పాట తానే వ్రాసుకొని పాడుకొనే గాయకుడు.

ఆంగ్లంలో సింగర్-సాంగ్‌రైటర్ అని రెండు మాటలను జతచేసి చెప్పేదానికి తెలుగులో ఏనాటినుంచో ఒకే మాట ఉన్నది: వాగ్గేయకారుడు. పదమూడవ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో దీనిని నిర్వచించాడు. మాట మాతువు, దాని నడక ధాతువు. రెండింటిని కల్పించగలవాడే వాగ్గేయకారుడు. నేటి పాశ్చాత్య మార్గంలోని ఈ గాయకులకు ఆ పేరు పెడితే పెద్దలు నొచ్చుకోవచ్చును. అన్నమాచార్యునికి, త్యాగరాజుకు ఉన్న భక్తిగాని, శాస్త్రపరిశ్రమగాని వీరిలో వెదకడం న్యాయం కాదు. అయినను పని ఒక్కటే: తన మాటకు తానే రాగం కట్టి, తన గొంతుతోనే లోకానికి అప్పగించడం. ఆ గొంతులో లోపమున్నా అది పాటలో భాగమే అవుతుంది. ఎందుకనగా ఆ మాట మరొకరిది కాదు.

ఇండీ అనే విశేషణం కూడ ఇక్కడ వివరించదగినది. స్వతంత్రమని అర్థమిచ్చే ఇండిపెండెంట్ అనే మాటకు అది సంక్షేపం. పెద్ద రికార్డు కంపెనీల పెట్టుబడి లేకుండ, సినిమా నిర్మాతల ఆజ్ఞ లేకుండ, తన ఖర్చుతో తన పాట తానే విడుదల చేసుకొనేవాడు ఇండీ గాయకుడు. పాట అనగానే సినిమాపాట అని అర్థం చెప్పుకొనే దేశంలో ఈ మార్గం ఎంత కష్టమైనదో వేరే చెప్పనక్కరలేదు. సినిమాపాటకు తెరమీద ఒక కథ ఉంటుంది, ఒక నాయకుడుంటాడు, ఒక కొండలోయ ఉంటుంది. ఇండీ పాటకు ఉన్నది పాడేవాడి జీవితం ఒక్కటే.

ముంబయి ఉత్సవంలో పాడిన ప్రతీక్ కుహాడ్‌ను ఇందుకు ఉదాహరణగా తీసుకోవచ్చును. ఆయన 1990లో జన్మించాడు, జయపురం వాడు. న్యూయార్కు విశ్వవిద్యాలయంలో గణితం, అర్థశాస్త్రం చదివాడు. స్వదేశానికి తిరిగివచ్చి పాటనే వృత్తిగా స్వీకరించాడు. ఆంగ్లంలోను, హిందీలోను వ్రాస్తాడు. 2015లో ఇన్ టోకెన్స్ అండ్ చార్మ్స్ అనే సంపుటిని స్వతంత్రంగా విడుదల చేశాడు. 2018లో కోల్డ్ మెస్ అనే చిన్న సంపుటి వచ్చినది. ఆ సంపుటికి పేరిచ్చిన పాటను అమెరికా మాజీ అధ్యక్షుడు బరాక్ ఒబామా 2019 సంవత్సరాంతంలో ప్రకటించిన తన అభిమాన గీతాల పట్టికలో చేర్చాడు. 2020లో ఎలెక్ట్రా అనే అమెరికన్ రికార్డు సంస్థ ఆయనతో ఒప్పందం చేసుకొన్నది. అందుచేత ఆయన నేడు అజ్ఞాతుడేమీ కాదు. అయితే మహానగరాల యువకులకు పరిచితమైన పేరు, ఒక మండల కేంద్రంలోని కళాశాల విద్యార్థికి వినని పేరు కావచ్చును. పాటను కనుగొనడం అనేది లోకానికి సంబంధించిన మాట కాదు. ప్రతి శ్రోతకు అది ఒక్కొక్కమారు క్రొత్తగా జరుగవలసినదే.

అటువంటి విద్యార్థి ఒకడు స్నేహితులతో కలిసి ముంబయికి బయలుదేరబోతున్నాడని ఊహించవచ్చును. ప్రయాణానికి పదిరోజులున్నవి. ఒక రాత్రి, అందరు నిద్రించిన తరువాత, పట్టికలోని తెలియని పేర్లను ఒక్కొక్కటే వింటున్నాడు. మొదటివాడి పాట అరుపు. రెండవవాడిది యంత్రాల మోత. మూడవ పేరు కుహాడ్ దగ్గరకు వచ్చేసరికి గదిలో ఏదో మారుతుంది. ఒక గిటారు; దానిపైన ఒక గొంతు. ఆ గొంతు ఎత్తదు, తిప్పదు, గమకాలు చూపదు. ఎదుట కూర్చున్న మిత్రునితో మాట్లాడుతున్నట్లే ఉంటుంది. విషయం కూడ పెద్దది కాదు: ఇద్దరు మనుష్యులు, విడిపోలేరు, కలిసి ఉండలేరు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. దానిని విషాదంగా సాగదీయడు, నవ్వులాటగా తేల్చివేయడు. ఉన్నదున్నట్లు చెప్పి ఊరకుంటాడు. పాట ముగిసిన తరువాత విద్యార్థి మరల మొదటినుంచి వింటాడు. మూడవసారి వినేటప్పుడు, మొదట సాదాగా తోచిన మాటల క్రింద ఎంత దిద్దుబాటు ఉన్నదో తెలుస్తుంది. తేలికగా వినపడేటట్లు వ్రాయడం తేలికైన పని కాదు.

ఇక్కడనే ఈ వ్యాసం ప్రతిపాదించదలచిన మాట ఉన్నది. ఆ రాత్రి ఆ గదిలో జరిగిన పరిచయం మైదానంలో జరగడం మిక్కిలి దుర్లభం. మెత్తని పాట గుంపును జయించలేదు. గుంపులో ఉన్నవారే ముందుగా దానికి వశులై రావాలి. కాబట్టి ఉత్సవానికి ముందు వినడమనేది శ్రోతకు వేడుక మాత్రమే కాదు; అటువంటి గాయకునిపట్ల అతడు చెల్లించవలసిన మర్యాద.

ఇందుకు భౌతికమైన కారణం ఒకటి ఉన్నది. బయలు మైదానంలో ధ్వని చెదరిపోతుంది. గాలిలో దూరం పోయేకొద్దీ హెచ్చుస్థాయి ధ్వనులు త్వరగా క్షీణిస్తాయి. మంద్రస్థాయి ధ్వనులు చాల దూరం నిలుస్తాయి. భాషలో స, శ, త, క వంటి హల్లుల స్ఫుటత ఆ హెచ్చుస్థాయి ధ్వనులమీదనే ఆధారపడి ఉంటుంది. అందుచేత దూరాన ఉన్న శ్రోతకు అచ్చులు అందుతాయి, హల్లులు జారిపోతాయి. రాగం వినపడుతుంది, మాట వినపడదు. ప్రక్కవేదికనుంచి వచ్చే డోళ్ళ మంద్రధ్వని మాత్రం అడ్డులేకుండ వచ్చి మీద పడుతుంది. మాటనే నమ్ముకొన్న గాయకునికి ఇంతకంటె అన్యాయం లేదు. ముందే విన్న శ్రోత అయితే జారిపోయిన హల్లులను జ్ఞాపకంతో పూరించుకొంటాడు. క్రొత్తగా వినేవాడికి, ఎవరో ఏదో గొణుగుతున్నాడన్న భావమే మిగులుతుంది.

రెండవ కారణం చరిత్రకు సంబంధించినది. ఈ మెత్తని గొంతు మైకు బిడ్డ. 1925 ప్రాంతంలో విద్యుత్తు సహాయంతో రికార్డు చేసే పద్ధతి రాకముందు, గాయకులు ఒక పెద్ద కొమ్ముబూరలోకి బిగ్గరగా పాడవలసి ఉండేది. మైకు వచ్చిన తరువాత గుసగుస కూడ రికార్డు అయినది. అమెరికాలో బింగ్ క్రాస్బీ వంటివారు ఆ సౌకర్యంతోనే, చెవి ప్రక్కన కూర్చొని పాడినట్లు వినిపించే క్రొత్త బాణీని ప్రసిద్ధం చేశారు. తెలుగునాట కూడ ఇదే జరిగినది. ఆకాశవాణి లలితసంగీతం మైకు ఇచ్చిన వరమే. ఆ మార్గానికి దారి తీసినవారిలో అగ్రగణ్యుడైన బాలాంత్రపు రజనీకాంతరావు తాను వ్రాసి, తానే స్వరపరచి, తానే పాడిన ఆధునిక వాగ్గేయకారుడు. ఆంధ్ర వాగ్గేయకారుల చరిత్ర వ్రాసి 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందినవాడు కూడ ఆయనే. రేడియోలో భావగీతం వినడమంటే ఒక ఇంటిలో, ఒక మూల, నలుగురు మౌనంగా కూర్చొని వినడం. ఆ గీతాన్నే తిరునాళ్ళలో పాడించి ఉంటే ఏమై ఉండేది? నేటి ఇండీ గాయకుని కష్టం సరిగా అటువంటిదే. అతని పాట పుట్టినది గదిలో. అతని జీవనం మాత్రం మైదానంలో.

ఈ కష్టానికి ఎంత మూల్యం చెల్లించవలసి రావచ్చునో నిక్ డ్రేక్ అనే ఆంగ్ల గాయకుని కథ తెలుపుతుంది. అతడు 1948లో బర్మాలోని రంగూనులో జన్మించాడు. ఇంగ్లండులో పెరిగి, కేంబ్రిడ్జిలో ఆంగ్లసాహిత్యం చదివాడు. 1969, 1971, 1972 సంవత్సరాలలో మూడు సంపుటాలు వెలువరించాడు. మూడింటిలో ఒక్కటైనా విడుదలైన కాలంలో ఐదువేల ప్రతులు అమ్ముడుపోలేదు. పాట పాటకు గిటారు తంత్రులను వేరువేరు శ్రుతులకు మార్చుకోవడం అతని పద్ధతి. ఇంటిలో అది సాధన. వేదికపైన అది సంకటం. అతడు తంత్రులు బిగించుకొంటూ ఉండగా శ్రోతలు కబుర్లు మొదలుపెట్టేవారు. మాటకారితనంతో వారిని ఆకట్టుకొనే స్వభావం అతనిది కాదు. 1970లో ఒక కళాశాలలో జరిగిన కచేరీలో పాట మధ్యలోనే లేచి వేదిక దిగి వెళ్ళిపోయాడని తోడి గాయకుడు రాల్ఫ్ మెక్‌టెల్ చెప్పియున్నాడు. ఆ తరువాత అతడు కచేరీలు మానుకొన్నాడు. చివరి సంపుటి పింక్ మూన్‌ను రెండు రాత్రులలో, దాదాపు ఒంటరిగా, ప్రధానంగా గొంతు, గిటారులతో పూర్తిచేశాడు. అందులోని పాటలన్నీ కలిపి అరగంట కూడ కావు. 1974 నవంబరులో, 26 ఏళ్ళ వయస్సులో, తల్లిదండ్రుల ఇంటిలో మరణించాడు.

పాతికేళ్ళు గడిచినవి. 1999 చివర ఒక కారు వ్యాపార ప్రకటనలో ఆ చివరి సంపుటిలోని పాట వినిపించారు. ప్రకటన చూసినవారు పాట ఎవరిదని విచారించారు. బ్రదికి ఉండగా అమ్ముడుపోని పాటలు వేలకు వేలు అమ్ముడుపోయినవి. ఆ పాట మారలేదు, ఆ గొంతు మారలేదు. మారినది వినే తావు. ఇంటిలో, ఒంటరిగా, నిశ్శబ్దంలో విన్నవారికి అది ఏమిటో తెలిసినది. నేడు అతని పాటలు యువ గాయకులకు పాఠాలు. అయితే పెద్దవాడైన తరువాత అతడు పాడుతున్న దృశ్యం ఒక్కటైనా చలనచిత్రంగా దొరకడంలేదు. అంత తక్కువమంది అతనివైపు కెమెరా త్రిప్పారు. అతని మరణానికి శ్రోతల ఉదాసీనతే కారణమని నిర్ణయించడం తొందరపాటు. మనస్సుకు వచ్చే రోగాలకు కారణాలు అంత సులభంగా తెలిసేవి కావు. కాని ఆనాటి సభలలో అతని పాటను ముందే విన్నవారు ఇరవైమంది ఉండి ఉంటే, కనీసం ఆ కచేరీలైనా సాగేవని చెప్పడం అతిశయోక్తి కానేరదు.

ఇదే విషయానికి మరొక ముఖం కెనడా దేశపు గాయని జోనీ మిచెల్ జీవితంలో కనిపిస్తుంది. ఈ మార్గానికి ఆమె పెద్దదిక్కు. 1970 ఆగస్టులో ఇంగ్లండు తీరాన వైట్ ద్వీపంలో బ్రహ్మాండమైన సంగీతోత్సవం జరిగినది. వచ్చినవారు లక్షలలో ఉన్నారని చెబుతారు. కంచెలు విరుగుతున్నవి, టిక్కెట్టు ధర విషయమై తగవులు నడుస్తున్నవి. అటువంటి సమయంలో, పట్టపగలు, 26 ఏళ్ళ మిచెల్ ఒంటరిగా వేదిక ఎక్కినది. మధ్యలో ఒకడు వేదికపైకి వచ్చి మైకు పుచ్చుకొన్నాడు. అతనిని దింపివేయగా జనం కేకలు వేశారు. ఆమె కన్నీళ్ళతో, వణికే గొంతుతో, మీరు ఊరు చూడవచ్చిన యాత్రికులవలె ప్రవర్తిస్తున్నారు, మాకు కాస్త గౌరవమివ్వండి అన్న అర్థం వచ్చేటట్లు మందలించినది. జనం శాంతించారు, ఆమె పాట పూర్తిచేసినది. ఆ దృశ్యం చిత్రంగా నిలిచి ఉన్నది. దానిని చూసినవారెవరికైనా ఆమె ధైర్యంపట్ల గౌరవం, ఆ జనంపట్ల సిగ్గు కలుగక మానవు.

2015లో ఆమెకు మెదడులో రక్తనాళం దెబ్బతిన్నది. నడవడం, మాట్లాడడం, పాడడం మరల మొదటినుంచి నేర్చుకోవలసి వచ్చినది. 2022 జులైలో అమెరికాలోని న్యూపోర్టు జానపద సంగీతోత్సవంలో, ఎవరు ఎదురుచూడని విధంగా, 78 ఏళ్ళ మిచెల్ వేదికపైన ప్రత్యక్షమైనది. 1969 తరువాత ఆ ఉత్సవంలో ఆమె పాడడం అదే మొదలు. కుర్చీలో కూర్చొని పాడినది. గొంతు మునుపటిది కాదు. దిగువకు జారినది, బొంగురుపోయినది. అయినను తోడి గాయకులు కన్నీళ్ళు తుడుచుకొన్నారు. ఎదుట ఉన్నవారిలో చాలమంది ఆమె పాటలతో పెరిగినవారు. ప్రతి మాట, ప్రతి విరామం వారికి కంఠస్థం. యౌవనంలో వ్రాసిన పాటను వృద్ధాప్యంలో ఆమె ఎలా మార్చి పలికిందో వారు గ్రహించగలిగారు. ఆ మార్పు గ్రహించాలంటే మొదటి రూపం తెలిసి ఉండాలి. వైట్ ద్వీపంలో గొంతు పటిష్ఠంగా ఉన్నది, శ్రోత సిద్ధంగా లేడు. న్యూపోర్టులో గొంతు శిథిలమైనది, శ్రోత సిద్ధంగా ఉన్నాడు. ఏ సభ సఫలమైనదో చరిత్రే చెప్పినది.

అలంకారశాస్త్రం చదివినవారికి ఇది క్రొత్తగా తోచదు. అభినవగుప్తుడు సహృదయుని నిర్వచిస్తూ, కావ్యాలను మరల మరల అనుశీలించడంవల్ల మనస్సనే అద్దం నిర్మలమైనవాడని చెప్పాడు. సహృదయత్వం పుట్టుకతో వచ్చే ధనం కాదు, అభ్యాసంవల్ల కలిగేది. కవికి ప్రతిభ ఎంత అవసరమో శ్రోతకు ఈ అభ్యాసం అంత అవసరం. విచిత్రమేమంటే గాయకుడు ఎన్ని గంటలు సాధన చేశాడని అందరు అడుగుతారు; శ్రోత ఎంత సాధన చేసి వచ్చాడని ఎవరు అడుగరు.

దీనికి ఒక ఆక్షేపణ రాక మానదు. ముందే విని వెళ్ళితే ఉత్సవంలో ఇక క్రొత్తదనమేమున్నది? అనుకోకుండ ఒక వేదిక ముందుకు వెళ్ళి, తెలియని గొంతుకు పరవశమయ్యే ఆనందం పోదా? ఈ ఆక్షేపణలో నిజం లేకపోలేదు. అటువంటి అదృష్టం అప్పుడప్పుడు పట్టవచ్చును. దానికి తావు మిగుల్చుకోవడం మంచిదే. అయితే తెలుగువారి నాటకానుభవం మరొక సాక్ష్యం చెబుతుంది. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగవిజయాలు చూడడానికి తెల్లవార్లూ కూర్చొన్న పల్లెటూరి ప్రేక్షకులలో పద్యాలు నోటికి రానివారు అరుదు. కథ తెలుసు, పద్యం తెలుసు, నటుడు ఎక్కడ ఊపిరి తీసుకొంటాడో కూడ తెలుసు. తెలిసి ఉండడంచేతనే వన్స్‌మోర్ అని కేక వేశారు. ఈ నటుడు ఈ రాత్రి దానిని ఎలా పలుకుతాడన్నదే వారి ఉత్కంఠ. తిరువయ్యూరులో త్యాగరాజ ఆరాధననాడు పంచరత్నకీర్తనలు వినడానికి చేరే వారి సంగతి కూడ అంతే. తెలిసిన పాట తెలియని రాత్రిలో క్రొత్తదవుతుంది.

రెండవ ఆక్షేపణ ఇంతకంటె బలమైనది. ముందే విన్నవారే ఎక్కువ అల్లరి చేస్తారు కదా! పాట మొదలుకాగానే వేలమంది గొంతు కలిపి, గాయకుని గొంతు తమకే వినపడకుండ చేస్తారు. చేతిలోని ఫోనులు ఎత్తి, వెనుకనున్నవారికి వేదిక కనపడనివ్వరు. ఇది కాదనలేని మాట. తెలిసి ఉండడం వేరు, తెలుసునని చాటుకోవడం వేరు. పద్యం నోటికి వచ్చిన విద్యార్థి గురువుగారు చదువుతూ ఉండగా తానుకూడ బిగ్గరగా చదివితే దానిని భక్తి అనరు. అందరు పాడదగిన పాటలున్నవి. వాటికి గొంతు కలపడం న్యాయమే. మెత్తని పాట దగ్గర మాత్రం తెలిసినవాడు చేయవలసిన పని, ప్రక్కనున్న తెలియనివాడికి కూడ వినపడేటట్లు తాను మౌనం వహించడం. వందమంది మౌనం వహిస్తే అక్కడ మైదానం మధ్యలో ఒక గది ఏర్పడుతుంది. ఆ గదికి గోడలు శ్రోతలే.

ఉపాధ్యాయులకు ఇందులో ఉపయోగించుకోదగిన సంగతి ఒకటి ఉన్నది. విద్యార్థులు పాటలు వింటున్నారని విసుగుకొనడంకంటె, ఎలా వింటున్నారని అడగడం మేలు. నేటి వినికిడిలో ఒక పాట సగంలోనే మరొక పాటకు దాటిపోవడం అలవాటైనది. ఏ సంగీతోత్సవ పట్టికనైనా తీసుకొని, ఒక్కొక్క విద్యార్థికి తెలియని పేరు ఒక్కటి అప్పగించవచ్చును. ఆ గాయకుని ఒక సంపుటిని, వ్రాసినవాడు పెట్టిన వరుసలోనే, మొదటినుంచి చివరిదాకా వినమని చెప్పవచ్చును. మొదటిసారి ఊరక వినడం. రెండవసారి మాటలు వ్రాసుకొని వినడం. మూడవసారి, ఈ మాట దగ్గర రాగం ఎందుకు ఆగినది, ఈ పల్లవి రెండవమారు వచ్చినప్పుడు అర్థం ఎందుకు మారినది అని ప్రశ్నించుకొంటూ వినడం. ఆ పాట ఆంగ్లంలో ఉండవచ్చును, హిందీలో ఉండవచ్చును, తెలుగులో ఉండవచ్చును. ఈ మూడు మార్లు విన్న విద్యార్థికి ఛందస్సులో యతి ఎందుకో, పదంలో పల్లవి ఎందుకో వేరే బోధించనక్కరలేదు. ఇదమిత్థమని తెలియకుండగనే అతడు మాతువుకు, ధాతువుకు ఉన్న సంబంధాన్ని గ్రహించి ఉంటాడు. అందరికీ ఆ ఉత్సవానికి వెళ్ళే స్తోమత ఉండదు. ముంబయి దూరం, టిక్కెట్టు ఖరీదు. కాని ఉత్సవానికి ముందు జరుగవలసిన పనికి ఖర్చు లేదు. నిజానికి ఉత్సవంలో సగం ఆ పనిలోనే ఉన్నది.

మరొక లాభం కూడ ఉన్నది. పెద్ద అక్షరాల పేర్లను అందరు వింటారు కాబట్టి, వాటిని విన్నంత మాత్రాన ఎవరి అభిరుచి ఎటువంటిదో తెలియదు. చిన్న అక్షరాలలో ఒక పేరును తానై ఎంచుకొన్నప్పుడు, ఇది నాకు ఎందుకు నచ్చినది అనే ప్రశ్నకు విద్యార్థి తనకు తానే సమాధానం చెప్పుకోవలసి వస్తుంది. సాహిత్యవిమర్శ మొదలయ్యేది ఆ ప్రశ్నతోనే. పదిమంది మెచ్చినదానిని మెచ్చడానికి చదువు అక్కరలేదు. ఎవరు చెప్పకముందే ఒక మంచి వాక్యాన్ని గుర్తుపట్టడానికి చదువు కావాలి.

ఉత్సవం ముగుస్తుంది. వేదికలు విప్పుతారు, మైదానం మరల గుర్రాలకు దక్కుతుంది. బాణసంచా ఏ రంగులో పేలినదో వారం గడిచేసరికి ఎవరికీ గుర్తుండదు. పట్టికలో క్రింది వరుసను ఓపికతో చదివి, ఒక రాత్రి ఒక గొంతుకు చెవి ఒగ్గిన విద్యార్థికి మాత్రం ఆ పాట మిగులుతుంది. చెట్టు క్రింద జంగం ఏ తిరునాళ్ళలోనైనా ఉంటాడు. రథం ముందుకు సాగిపోతున్నప్పుడు అతని దగ్గర నిలవగలిగేది, వేకువనే లేచి అతని పాట విన్నవాడే.